గెలిచిందెవలని అడుగని పెద్దమనిషి

జర దగ్గరికి జరుగున్రి. ఓ చిన్నోడా, ఆ మక్కబెండ్లు రెండు ఇటు నూకు, మంట సల్లవడ్డది.

ఇందాకటి సంది మీ లొల్లి ఇంటనే ఉన్న. రీకౌంటింగు పెట్టాలంటరు, కోర్టుకు పోవాలంటరు, డబ్బలు మార్చిన్రంటరు. ఊరి సర్పంచు కుర్చీకే ఇంత లొల్లయితే దేశం గద్దె కాడ ఎట్లుంటదో నేను కండ్లార చూసిన. కెన్యా దేశంల, నైరోబీల. మీ నాయన అప్పుడు ఇంటరు చదువుతుండె. ఫోన్ల ‘మంచిగనే ఉన్నం’ అని చెప్పుడే గాని అసలు ముచ్చట ఇంటికి ఎన్నడు చెప్పలే. మీ నాయనమ్మ బుగులు పడ్తదని.

ఆడ ఇండస్ట్రియల్ ఏరియాల ఒక ఇనుప సామాన్ల గోదాముల లెక్కలు రాసే నౌకరి నాది. సేటు గుజరాతీ. వాళ్ల తాతల కాలం సంది ఆడనే. మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు ఒడ్డు దాకా రైలు పట్టాలేసింది మన దేశం నుంచి పోయిన కూలోళ్లే. 1901ల అయిపోయింది ఆ పని. ఆ పట్టాల ముచ్చట మల్ల వస్తది, యాదిల పెట్టుకోన్రి.

గోదాముల ఇద్దరుండిరి. స్టోరు చూసుకునేటాయన కికుయు తెగోడు, గేటు కాడి ముసలాయన లువో తెగోడు. పేర్లు మీకెందుకు. పగటీలి ఒక్కటే పళ్లెంల తినేటోళ్లు. ఉగాలి అంటరు, తెల్ల మక్కపిండితోని చేస్తరు, పక్కకు ఆకుకూర. ముసలాయన కూర ఎక్కువ తింటడని ఈయన నవ్వుకుంట గులుగుడు, రోజూ అదే తంతు.

2007 డిసెంబరు 27న ఎన్నికలు. గద్దె మీదున్న మ్వాయి కిబాకి కికుయు. ఎదురు నిలవడ్డ రైలా ఒడింగా లువో, ఆయన పార్టీ గుర్తు బత్తాయిపండు. ఓట్లేసిన దినం ఏం గడబిడ లేదు, జనం ఓపికగ లైన్ల నిలవడి ఏసిన్రు. గడబిడ అంత లెక్కకాడ మొదలైంది. మొదటి రెండు దినాలు రైలా ముందటుండె. కిబాకి బలగమున్న తావుల నుంచి లెక్కలు ఆలిశంగ రావట్టె, వచ్చినకొద్దీ తేడా కరిగిపోవట్టె. 30 తారీఖు మాపటికి లెక్క చెప్పే పెద్ద హాలుల ఒకలనొకలు నూకేసుకునే కాడికి వచ్చింది. ఎన్నికల సంఘం పెద్ద కివూయిటును పోలీసులు లోపలి అర్రలకు తీస్కపోయిన్రు. ఆడికెల్లి సర్కారు టీవీల ఒక్కదాంట్లనే చెప్పిండు. కిబాకికి 45,84,721. రైలాకు 43,52,993. తేడా 2,31,728.

నాది లెక్కలు రాసే చెయ్యి గదా, టీవీ ముంగట కూసోని ఆ అంకెలు చీటీ మీద రాసుకున్న. నేను తీసివేత చేసి తల ఎత్తేసరికి కిబాకి ప్రమాణం చేసే తయారీ నడుస్తున్నది. ప్రకటించి గంటన్న కాలే. అధ్యక్షుడుండే స్టేట్ హౌస్ పచ్చిక మీద, పొద్దుగూకె ఏళ, ఆగమాగం ప్రమాణం. ఆ రాత్రే టీవీలల్ల లైవ్ చూపొద్దని హుకుం జారీ చేసిన్రు. దాని తర్వాత రెండు మూడు దినాలకు కివూయిటే పేపరోళ్లతోని, కిబాకి నిజంగ గెలిచిండో లేదో నాకు తెల్వదన్నడు. గెలిచినట్టు ప్రకటించినాయననే ఆ మాట అన్నంక ఇగ ఎవలను అడుగాలె?

తర్వాత జరిగినయి పిల్లల ముంగట అన్ని చెప్పొద్దు. జనవరి 1న ఎల్డోరెట్ దగ్గర కియాంబా అనే ఊర్ల, పానం కాపాడుకోను చర్చిల దాక్కున్నోళ్లను చర్చితోని కలిపి కాలవెట్టిన్రు. కికుయు ఆడోళ్లు, పిల్లలే ఎక్కువ. కిసుముల మనోళ్ల దుకాణాలు లూటీ అయినయి, మా సేటు బామ్మర్ది దుకాణం అండ్లనే పోయింది. నెలాఖరుకు నకూరు, నైవాషాల ఎదురు పగ. నైవాషాల సచ్చినోళ్లల్ల ఎక్కువ లువోలు. తర్వాత వాకి అనే జడ్జి కమిషను లెక్క తీస్తే 1,133 మంది. ఇండ్లు ఇడిచినోళ్లు లక్షలల్ల. నైరోబీల కిబేరా బస్తీ జనం ఇందాక చెప్పిన ఆ రైలు పట్టాలు పీకి పారేసిన్రు. ఉగాండాకు పోయే పెట్రోలు, సరుకులు ఆగిపోయినయి, మా సేటు సరుకు మొంబాసా రేవుల ఇరుక్కున్నది. ఒక దేశం ఎన్నికల లొల్లికి పక్క దేశంల దీపం ఆరుడు అప్పుడే చూసిన.

గోదాము మల్ల తెరిచిన దినం స్టోరాయన ఇంటికెల్లి డబ్బ తెచ్చుకున్నడు. ముసలాయన గేటు కాడ మోకాళ్ల మీద పళ్లెం పెట్టుకోని ఒక్కడే తిన్నడు. కొట్లాడుకోలే, తిట్టుకోలే. ఒకలి దిక్కు ఒకలు చూసుకోలే, అంతే.

మరి కోర్టుకు పోరాదా అంటవు. కిబాకి దిక్కోళ్లు అదే అన్నరు, తకరారుంటే కోర్టుకు పోన్రి అని. రైలా పోనన్నడు. జడ్జీలను పెట్టినాయన కాడికే పోయి ఆయన మీద ఫిర్యాదు చెయ్యాల్నా అన్నడు. అండ్ల న్యాయం ఉన్నది. ఎన్నికల సంఘం మీద నమ్మకం పాయె, కోర్టు మీద అసలే లేకపాయె. రోడ్డు మీదికి పోతే పోలీసుల తుపాకులు. సంక్రాంతి దినాలల్లనే పార్లమెంటు కూడింది, స్పీకరు ఎన్నికల రైలా మనిషికి 105 ఓట్లు, అటోళ్ల మనిషికి 101. చూసిన్రా, రెండు దిక్కుల సగం సగం. ఒకలను తొక్కి ఇంకొకలు రాజ్యం నడుపుడు అయ్యే పనే కాదు.

రాజీ చేస్తమని మస్తుమంది వచ్చిన్రు. దక్షిణాఫ్రికా నుంచి బిషప్పు డెస్మండ్ టూటూ వచ్చి పోయిండు. ఘనా అధ్యక్షుడు కుఫోర్, అప్పుడు ఆఫ్రికా యూనియనుకు పెద్ద, రెండు మూడు దినాలుండి పోయిండు. అయితే ఉత్తగ పోలే, పని ముగ్గురు పెద్దమనుషుల చేతుల పెట్టి పోయిండు. ఐక్యరాజ్యసమితికి పెద్దగ చేసి దిగిన కోఫీ అన్నన్, టాంజానియా మాజీ అధ్యక్షుడు బెంజమిన్ మ్కాపా, మండేలా భార్య గ్రాసా మాషెల్. అన్నన్‌కు బయలెల్లే ఏళకే జరమొచ్చి ఆగిపోయిండు, జనవరి 22కు గాని రాలే. ఆ నడుమ దినాలల్ల నైరోబీల అందరిదీ ఒకటే మాట: ఆయనన్న వస్తడా?

వచ్చినాయన మొదలు చేసిన పని ఏందో చెప్తే మీకు చిన్నదనిపిస్తది. రాజీ తొవ్వ ఒక్కటే ఉండాలె అన్నడు. అమెరికా, బ్రిటను, యూరపోళ్లు, పక్క దేశాలు, ఎవలికి వాళ్లు వచ్చి చెవుల ఊదొద్దు, ఏం చెప్పేదున్నా మా ముగ్గురికి చెప్పున్రి అన్నడు. ఎందుకంటే కొట్లాటల ఉన్నోనికి ఈ పెద్దమనిషి మాట నచ్చకపోతే ఇంకో పెద్దమనిషి కాడికి ఉరుకుతడు. అట్ల ఉరికే సందు మూసేసిండు. నన్నడిగితే సగం పని ఆడనే అయింది. అమెరికా విదేశాంగ మంత్రి కొండలీజా రైస్ సుత ఫిబ్రవరిల వచ్చి, అధికారం పంచుకోవాలె అని ఆయన మాటకు వంత పాడిపోయింది. కొత్త తొవ్వ తియ్యలే.

జనవరి 24న అధ్యక్షుని ఆఫీసు హరాంబీ హౌస్ మెట్ల మీద ఇద్దరితోని చేతులు కలిపిచ్చిండు. మా సేటు అర్రల టీవీ ముంగట అందరం నిలవడ్డం. ఇద్దరి చెయ్యి కలిసింది, ముఖాలు కలువలే. చెయ్యి ఇడవంగనే కిబాకి మైకు ముంగట, తాను సక్రమంగ ఎన్నికైన అధ్యక్షుణ్ని అన్నట్టు మాట్లాడిండు. గేటు ముసలాయన నోట్లనే ఏదో గొణిగి బయటికి పోయిండు. రైలా మనుషులు ఆ మాపటికే గరం. ఇంకో ఐదు దినాలకు రైలా పార్టీ ఎంపీ ముగాబే వేరెను ఆయన ఇంటి గేటు కాడనే కాల్చి సంపిన్రు. అదే దినం రాజీ మాటలు మొదలు పెట్టాల్సి ఉండె. నేనైతే అయిపోయిందనుకున్న, సామాను సదిరిపెట్టుకున్న. అన్నన్ ఆపలే.

సెరీనా అనే పెద్ద హోటలు. అటు నలుగురు, ఇటు నలుగురు. కిబాకి దిక్కు మార్తా కరువా, వకీలమ్మ, మాట కత్తి లెక్క. రైలా దిక్కు విలియం రూటో, ముదావాది, ఇంకిద్దరు. మన ఊర్ల పంచాయితీ కూసుంటే పెద్దమనుషులు మొదలు అడిగేది తప్పెవలిదని. అది తేల్చి, దండుగ కట్టిచ్చి, అప్పుడు చేతులు కలుపుతరు. ఈయన ఉల్టా చేసిండు. గెలిచిందెవలనే మాట ముంగట పెట్టుకుంటే మొదటి దినమే ఒకలు లేచి పోతరని ఆయనకు తెలుసు. పనిని నాలుగు అంశాలు చేసిండు. ఒకటి, సంపుకునుడు ఆపాలె. రెండు, ఇండ్లు పోయినోళ్లకు తిండి, నీడ. మూడు, గద్దె పంచాయితీ. నాలుగు, భూములు, పేదరికం, రాజ్యాంగం, తాతల కాలం సంది మురుగుతున్న తకరార్లన్ని. మొదటి రెండిట్ల ఎవలు కాదంటరు? కాదన్నోడు జనం ముంగట పాపాత్ముడైతడు. ఒకటి మీద సంతకం పెట్టినోని చెయ్యి రెండో దానికి జర సులువుగ లేస్తది. ఫిబ్రవరి 1కే ఈ నాలుగింటి కాగితం మీద ఒప్పందమైంది.

ఇంకోటి. లోపల ఎంత అరుసుకున్నా అప్పుడప్పుడు అన్నన్ బయటికొచ్చి పేపరోళ్లకు ఏం తెగింది, ఏం తెగలేదు చెప్పేటోడు. గొంతు లేవది, ఎవల్నీ పేరు పెట్టి అనడు. బస్తీలల్ల రేడియోలు చెవులకు పెట్టుకోని ఇనేటోళ్లు. ఒక దినం ఆయన మాట్లాడలేదంటే గోదాముల పని సాగకపోవు.

మూడో అంశం కాడికొచ్చే వరకు బండి ఆగింది. రీకౌంటింగా, మల్ల ఎన్నికలా, అధికారం పంచుకునుడా. రీకౌంటింగు పెడ్దామంటే ఆ కాగితాల మీదనే ఎవలికీ నమ్మకం లేదు. మల్ల ఎన్నికలంటే మల్ల నెత్తురు. నైరోబీల ఉంటే వీళ్లను పార్టీ జనం, పేపరోళ్లు కూసోనియ్యరని ఫిబ్రవరి 12న సావో అడవిల కిలాగుని అనే లాడ్జికి తోలుకపోయిండు. నేను ఒకపారి సేటు ఇంటోళ్లతోని ఆడికి పోయిన. వరండా ముంగటనే నీళ్ల మడుగు, ఎర్రమట్టిల పొర్లిన ఏనుగులు ఎర్రగనే వచ్చి నీళ్లు తాగుతయి. ఆ ఏనుగులను చూసుకుంట కరువమ్మ, రూటో ఎట్ల కొట్లాడిన్రో! జర్మనీ మంత్రి ఒకాయన వచ్చి, మా దేశంల ఎదురెదురు పార్టీలు రెండు కలిసి సర్కారు ఎట్ల నడుపుతున్నయో చెప్పిండు. అడవికి పోయే ముంగట అన్నన్ నోరు సుత ఒకపారి జారింది. రెండు పార్టీలు కలిసిన సర్కారు వస్తదని ఎంపీల ముంగట అనేసరికి కరువమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది, ఆ మాట మేమెప్పుడొప్పుకున్నం అని ఉత్తరం రాసింది. పెద్దమనిషయినా తొందరపడితే అంతే.

ఆ అడవిలనే ఒక పని అయింది. గెలిచిందెవలనే ప్రశ్నను పార్టీలకు సంబంధం లేని కమిటీ చేతుల పెడుదమని రెండు దిక్కులోళ్లూ ఒప్పుకున్నరు. అంటే దాన్ని బల్ల మీదికెల్లి తీసి అటకెక్కిచ్చిన్రు. మిగిలింది ఒక్కటే, ప్రధానమంత్రి కుర్చీ పెడితే దానికి అధికారమెంత. పేరుకు కుర్చీ ఇస్తమంటరు కిబాకి మనుషులు, ఉత్త కుర్చీ మాకెందుకంటరు రైలా మనుషులు. పది దినాలు అదే గుంజుడు.

ఫిబ్రవరి 26న అన్నన్ ఆ ఎనిమిది మందిని ఇగ ఇంటికి పోన్రన్నడు. వకీళ్ల తోని కాదు, అసలు మనుషులతోనే మాట్లాడుతనన్నడు. 28న హరాంబీ హౌస్‌ల ఒక్క అర్రల కిబాకి, రైలా, అన్నన్, మ్కాపా, టాంజానియా అధ్యక్షుడు కిక్వెటె. కిక్వెటెను పిలుసుడుల తెలివి చూడున్రి. కిబాకి భయం ఏంది? ప్రధానమంత్రి వస్తే నా గద్దె సగమైతది అని. గద్దె మీదున్నోడు, తన కింద ప్రధానమంత్రిని పెట్టుకోని హాయిగ రాజ్యం చేస్తున్నోడు వచ్చి పక్కన కూసోని, నాకేం తక్కువైంది అని చెప్తే ఆ మాట బరువు వేరే. బయటి దేశపోడు చెప్తే ఇనని మాట పక్కింటాయన చెప్తే ఇన్నడు. నాలుగైదు గంటలు తలుపు తెరువలే. తెరిచినంక బయట బల్లేసి సంతకాలు. ప్రధానమంత్రిని అధ్యక్షుడు తనంత తాను తీసెయ్యలేడు, పార్లమెంటే తియ్యాలె; మంత్రి పదవులు పార్లమెంటుల బలాన్ని బట్టి పంచుకోవాలె. కాగితం చిన్నదే.

మేం అందరం టీవీ ముంగటనే. చప్పట్లు గిట్ల ఎవలు కొట్టలే. ముసలాయన నా దిక్కు తిరిగి అడిగిండు, ‘లెక్కల సారూ, ఇప్పుడు ఈ ఇద్దరికి కలిపి కార్లెన్ని?’ స్టోరాయన పక్కున నవ్విండు. రెండు నెలలకు మొదటిపారి ఆ ఇద్దరి నవ్వు ఒక్క అర్రల ఇన్న. ముసలాయన లెక్క తప్పలే తియ్యి, ఏప్రిల్‌ల మంత్రివర్గం చెప్పిన్రు, 40 మంది మంత్రులు. అన్ని శాఖలు చీరుకొని పంచుకునుడుకే ఆరేడు వారాలు పట్టింది. గుడారాలల్ల జనం వానకు తడుస్తుంటే వీళ్లది ఏ శాఖ ఎవలికి అనే లొల్లి. ఏప్రిల్ 17న రైలా ప్రధానమంత్రిగ ప్రమాణం చేసిండు.

మరి గెలిచిందెవలు తాతా అంటవా? దక్షిణాఫ్రికా జడ్జి క్రీగ్లర్ కమిషను సెప్టెంబరుల చెప్పింది, లెక్క అంత ఖరాబైంది, ఎవలు గెలిచిన్రో తేల్చుడు అయ్యేది కాదని. అదే మాట జనవరిల చెప్పి ఉంటే దేశం తగలవడు. సెప్టెంబరుకల్ల అది పేపర్ల నడిమి పేజీ వార్త.

అట్లని ఈ రాజీని నేను నెత్తికెత్తుకోను. లొల్లి చేస్తే సగం రాజ్యం దొరుకుతదని అది ఒక పాఠం నేర్పింది, ఓడినోనికీ, ఓట్లు మింగినోనికీ. అదే యేడు జింబాబ్వే అధ్యక్షుడు ముగాబే చేసింది చూడున్రి, దౌర్జన్యంతోని గద్దె పట్టుకోని సెప్టెంబరుల ఎదుటి పార్టీకి ప్రధానమంత్రి కుర్చీ పారేసిండు. ఇగ సంపిచ్చినోళ్ల ముచ్చట. వాకి జడ్జి అనుమానమున్న పెద్దల పేర్లు ఒక కవరుల సీలేసి అన్నన్‌కిచ్చిండు. దేశంల కోర్టు పెట్టలే గనుక ఆయన దాన్ని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పంపిండు. కేసులు పడ్డ రూటో, ఉహూరు కెన్యాటా 2007ల ఎదురెదురు దిక్కులోళ్లు. 2013ల ఇద్దరు ఒక్కటై ఎన్నికల గెలిచిన్రు, ఒకాయన అధ్యక్షుడు, ఒకాయన ఉపాధ్యక్షుడు. కేసులు ఒకటెనుక ఒకటి కూలిపోయినయి.

మంచి సుత అయింది, దాచొద్దు. నాలుగో అంశంల రాజ్యాంగం ఉన్నదన్న గదా, అది 2010 ఆగస్టుల వచ్చింది. కొత్త సుప్రీంకోర్టు పెట్టిన్రు. అధ్యక్షుని ఎన్నిక మీద ఫిర్యాదొస్తే 14 దినాలల్ల తీర్పు చెప్పాలె. 2007ల కోర్టు గడప తొక్కనన్న రైలానే 2013ల పోయిండు, ఓడిండు, తలవంచిండు. 2017ల మల్ల పోతే సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఎన్నికనే కొట్టేసింది. గద్దె మీదున్నోని గెలుపును జడ్జీలు కొట్టేసుడు ఆఫ్రికాల అదే మొదలు. అప్పటికి నేను ఇంటికొచ్చిన, ఈ గడంచె మీద కూసోనే ఇన్న.

రైలాది ఇంకో ముచ్చట. ఐవరీ కోస్టుల 2010ల ఎన్నికల ఓడిన బాగ్బో దిగనంటే, రాజీ చెయ్యను ఆఫ్రికా యూనియను ఎవల్ని పంపిందనుకున్నరు? ఈయననే. పోయిండు, ఉత్త చేతులతోని వచ్చిండు. ఆడ గెలిచింది వట్టారా అని ఐక్యరాజ్యసమితి ఖరారు చేసి పెట్టింది. తేలిపోయిన లెక్క మీద ఏం పంచుతవు? సగం గద్దె ఇస్తే గెలిచినోనికి అన్యాయం. 2011 ఏప్రిల్‌ల బాగ్బోను పట్టుకునే దాకా మూడు వేల మంది దాకా పోయిన్రు. అందుకే నేను అంటున్న, అన్నన్ తరీక అన్ని తాళాలకు పట్టే చెవి కాదు. ఆ రైలా 2025 అక్టోబరుల మన కేరళకు వైద్యానికి వచ్చి ఆడనే పానమిడిచిండు. పేపర్ల చూసి ముసలాయన యాదికొచ్చిండు నాకు.

స్టోరాయన ముచ్చట ఒకటి మిగిలింది. ఆయన చెల్లెది ఎల్డోరెట్ పక్కన పల్లె. ఇల్లు కాలింది, నకూరు మైదానంల గుడారంల నెలలు గడిపింది. ఒప్పందమైనంక సర్కారు ఇంటికి పోన్రి అని 10,000 షిల్లింగులు చేతుల పెట్టింది. పోయి చూస్తే ఆమె భూమిల పక్కోళ్లు మక్కలేసిన్రు, ఈ జాగ మా తాతలదన్నరు. తిరిగొచ్చి నకూరుల బండి మీద టమాటలు, ఉల్లిగడ్డలు అమ్ముకున్నది. నేను వాపసు వచ్చేటప్పుడు స్టోరాయన విమానాల అడ్డ దాకా వచ్చిండు. చెల్లె భూమి సంగతి ఏమైంది అని అడిగిన. ‘అది నాలుగో అంశం గదా సారూ’ అన్నడు, ‘మా వంతు ఇంకా రాలే.’